పాత ట్యాంక్ కొన్న, 4 ఫీట్లది. గోల్డ్ ఫిష్‌లను అండ్లకు మార్చుడు ఎట్ల?

పానగల్_పోరడు, సోమవారం రాత్రి 9:12

అందరికి నమస్తే. జర పెద్దగనే రాస్తున్న, ఓపికతోని చదువుర్రి. మాది నల్లగొండ, పానగల్ దిక్కు. ఇంట్ల రెండు ఫీట్ల ట్యాంక్ ఉంది, రెండేండ్లయింది, అండ్ల నాలుగు గోల్డ్ ఫిష్‌లు, ఒక సక్కర్ (అద్దానికి అతుక్కునే చేప). తెచ్చినప్పుడు బొటనవేలంత లేవు, ఇప్పుడు ఒక్కొక్కటి అరచెయ్యంత అయినయ్, అండ్ల ఒరాండా, నెత్తి మీద ముద్దున్న గోల్డ్ ఫిష్, అదైతే తిరగాలంటె బస్టాండ్ల ఆర్టీసీ బస్సు రివర్స్ తీసినట్టు ముందుకొకసారి ఎన్కకొకసారి పోవాలె.

మొన్న ఆదివారం మిర్యాలగూడల ఒకాయన ఇల్లు మారుతున్నడంటె పోయి 4 ఫీట్ల ట్యాంక్ పట్టుకొచ్చిన. పొడుగు 4, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు ఒకటిన్నర, ఇనుప స్టాండ్‌తో కలిపి 4,500. ట్రాలీ ఆటోల కింద రెండు బొంతలు మీద ఒక బొంత ఏసి నేను ఎన్కనే కూసున్న, నలభై కిలోమీటర్లు, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా పానం పోయింది. ట్యాంక్ ఏడాది నుంచి వరండాల ఖాళీగ ఉన్నదంట, లోపల తెల్లగ సున్నం చారలు, మూలకు సాలెగూడు.

ఇగ నా డౌట్లు. దీన్ని ఎట్ల కడగాలె? చేపల్ని అదే రోజు ఎయ్యొచ్చా? షాపాయన అయితే మొత్తం కొత్త నీళ్లు నింపి నీలి మందు నాలుగు చుక్కలేసి ఎయ్యి, ఏం గాదు అన్నడు. ఇంట్ల నల్లా నీళ్లు బోరు నీళ్లు రెండున్నయ్, ఏది పొయ్యాలె? మా నాయినకు మాత్రం ఏ డౌట్ లేదు, మృగశిర కార్తె దగ్గరికొచ్చింది, పులుసుకు నాలుగు సరిపోతయ్ అంటుండు.


దేవరకొండ_కాక, సోమవారం రాత్రి 9:50

తమ్మి, ఫస్ట్ ఆ షాపాయన మాట పక్కకు పెట్టు. నేను గిట్లనే చేసి ఏడు చేపల్ని మట్టిల కలిపిన. మూడేండ్ల కింద చిన్న ట్యాంక్‌కెల్లి పెద్ద దాంట్లకు మార్చిన, మంచిగ సాఫ్ ఉండాలె అని ఫిల్టర్ల స్పాంజ్ నల్లా కింద పెట్టి, పిండి, మళ్ల పిండి, తెల్లగ అయ్యేదాక కడిగిన. గ్రావెల్, అంటే అడుగున ఏసే చిన్న రాళ్లు, అవి గూడ కడిగి ఎండకు ఆరబెట్టిన. నీళ్లు అద్దం లెక్క మెరిసినయ్. మూడో రోజు పొద్దుగాల లేస్తె రెండు మీద తేలుతున్నయ్, మిగిలినయ్ గాలి మింగుకుంట పైన్నే ఉన్నయ్. వారంల అన్ని పోయినయ్. మా ఇంటామె ఇప్పటికీ యాది చేస్తది, గంత కడగకపోతె ఏం పోయింది అని.

ఆ స్పాంజ్‌ల గోధుమరంగుల జిగట ఉంటది చూడు, అదే చేపలకు పానం. అది మురికి అనుకునుడే మన తప్పు.


పాలమూరు_ఫిష్, సోమవారం రాత్రి 10:05

కాక చెప్పింది కరెక్ట్. బ్రో నువ్వు ఖాళీ ట్యాంక్‌ల నీళ్లు నింపి ఫిల్టర్ పెట్టి 40 రోజులు ఆగాలె. సైకిల్, అంటే ఫిల్టర్ల మంచి బాక్టీరియా పెరుగుడు, అది గాకుంట చేపలేస్తే చస్తయ్ అంతే. నేను మహబూబ్‌నగర్‌ల అందరికి ఇదే చెప్తా. ఓపిక లేకపోతె చేపలు పెంచొద్దు.


కెమిస్ట్రీ_టీచరమ్మ, సోమవారం రాత్రి 10:41

ఫిష్ తమ్ముడూ, 40 రోజులు అనేది ఏమీ లేని చోట మొదలు పెట్టేవాళ్లకు. ఇతని దగ్గర రెండేళ్లు నడిచిన ఫిల్టర్ ఉంది కదా, ఇంక నలభై రోజులు ఎందుకు?

మొదటి నుంచి చెప్తా. చేపలు వదిలే మలం, మిగిలిపోయిన మేత, వీటి నుంచి అమ్మోనియా వస్తుంది, చేపల మొప్పల నుంచైతే నేరుగానే వస్తుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, వారానికోసారి కొంత నీళ్లు మార్చి తీసేయొచ్చు. ఈ బాక్టీరియా నీళ్లలో పెద్దగా ఉండదు, స్పాంజ్‌కు, సిరామిక్ రింగులకు, గ్రావెల్‌కు పట్టుకొని బతుకుతుంది. అందుకే పాత నీళ్లు ఎన్ని డ్రమ్ములు మోసినా లాభం తక్కువ, పాత స్పాంజ్ ఒక్కటి మోస్తే చాలు. పాలకు తోడేసినట్టు అనుకోండి. కాకగారు చేసిందేంటంటే తోడు చెంబును విమ్ పెట్టి తోమి అందులో పాలు పోసి పెరుగు కాలేదని ఏడ్చినట్టు.

ఇంకో మాట, ఎంత బాక్టీరియా ఉంటుందనేది ట్యాంక్ సైజును బట్టి కాదు, ఎంత మేత పడుతుంది ఎంత పెంట వస్తుంది అన్నదాన్ని బట్టి. చేపలు అవే, మేత అదే. కాబట్టి పాత ఫిల్టర్, పాత గ్రావెల్ తడి ఆరకుండా కొత్త ట్యాంక్‌లోకి పోతే అదే రోజు చేపల్నీ వేయొచ్చు. కొత్త చేపల్ని మాత్రం నెలన్నర దాకా కలపొద్దు. నీలి మందు, అంటే మిథిలీన్ బ్లూ, అది ఈ బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. రోగమొచ్చిన చేపను వేరే టబ్‌లో పెట్టినప్పుడు వాడే మందు అది, ట్యాంక్‌కు పెట్టే దిష్టిచుక్క కాదు.


దేవరకొండ_కాక, సోమవారం రాత్రి 10:58

మేడం, ఇజ్జత్ తీసిన్రు. కాని కరెక్టే.


గ్లాస్_పని, మంగళవారం పొద్దున 6:20

సూర్యాపేటల నాకు అద్దాల దుకాణం ఉంది, ట్యాంకులు గూడ చేస్తం. అందరు చేపల గురించి చెప్తున్రు, అసలు ట్యాంక్ ఆగుతదో లేదో ముందు చూడుర్రి. ఏడాది ఎండలకు ఖాళీగ ఉన్న ట్యాంక్ అంటే అద్దాలను అతికే సిలికాన్ జిగురు ఎండిపోయి ఉండొచ్చు. మూలల గోరుతోని గీకి చూడు, రబ్బరు లెక్క సాగితే మంచిది, పొట్టు లెక్క లేస్తే చెయ్యాల్సిందే.

లీక్ టెస్ట్ ఇంట్ల చెయ్యకు. బయట సాపు జాగల థర్మాకోల్ ఏసి, దాని మీద పెట్టి, కింద చుట్టూ పేపర్ పర్చి, సగం నింపి ఒక పూట చూడు, తర్వాత పూర్తిగ నింపి రెండు రోజులు చూడు. పేపర్ తడిసిందా ఎక్కడ తడిసిందో పెన్నుతోని గీత పెట్టు. అద్దం మందం ఎంతుందో గూడ చెప్పు, 4 ఫీట్లకు ఒకటిన్నర ఎత్తంటే 10 ఎంఎం ఉంటె నిమ్మలం.

సబ్బు, సర్ఫ్, లిక్విడ్ ఏది తగలనీయొద్దు. సున్నం చారలకు వెనిగర్ గాని నిమ్మకాయ గాని. మీ నకిరేకల్ నిమ్మకాయలుండంగ వెనిగర్‌కు పైసలెందుకు, సగం చెక్క పెట్టి రుద్దు, పది నిమిషాలాగి బ్లేడ్‌తో గీకు, కాని బ్లేడ్ మూలల సిలికాన్‌కు తగలొద్దు.


పానగల్_పోరడు, మంగళవారం రాత్రి 8:30

అన్న 10 ఎంఎం ఉంది, నడ్మ పట్టీ గూడ ఉంది. ఎనిమిది నిమ్మకాయలు అయినయ్, చేతులు మండుతున్నయ్ గాని అద్దం మెరుస్తుంది. తర్వాత పొటాషియం పర్మాంగనేట్ కలిపి ఒక గంట ఉంచి మూడుసార్లు కడిగి ఎండకు పెట్టిన. బనీన్ గులాబీ రంగైంది, అమ్మ తిట్టింది. రేపు నీళ్లు నింపుతా.


మర్రిగూడ_వాసి, మంగళవారం రాత్రి 9:15

నీళ్ల సంగతి ఎవ్వరు చెప్పలే. బోరు నీళ్లు అంటున్నవ్ గదా, ఫ్లోరైడ్ చూపించుకున్నవా? మా మండలంల ఆ నీళ్లు తాగే మా నాయనమ్మ నడుం వంగిపోయింది, నలభై ఏండ్లకే కట్టె పట్టింది. చేపల ముచ్చట్ల ఇది ఎందుకు అనకుర్రి, బోరు అనంగనే నాకు గదే యాదికొస్తది.


కెమిస్ట్రీ_టీచరమ్మ, మంగళవారం రాత్రి 9:44

అనం అన్నా. మన జిల్లా పేరు మీదనే ఒక పద్ధతి ఉంది కదా, నల్గొండ టెక్నిక్ అని, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసేది. నాగపూర్‌లో నీరి సంస్థ వాళ్లు తయారు చేసిండ్రు. పేరు మనది, బాధ మీది.

చేపల వరకు చెప్పాలంటే ఫ్లోరైడ్ కంటే ముందు రెండు చూడాలి. నల్లాలో వచ్చే భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్ బాక్టీరియాను చంపుతుంది. మూత లేని డ్రమ్ములో పోసి ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది, లేకపోతే షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, అందులో ఉండేది సోడియం థయోసల్ఫేట్, పాత ఫోటో స్టూడియోల వాళ్లు హైపో అనేవాళ్లు అదే. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కాని మన దగ్గర పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, ఎక్కువ ఉంటుంది. గోల్డ్ ఫిష్‌కు కొంచెం ఎక్కువ పీహెచ్ ఇబ్బంది కాదు, ఒక్కసారిగా మారడమే ఇబ్బంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది చేపలు చచ్చేది ఇక్కడే. రెండేళ్ల చిన్న ట్యాంక్, పెద్ద చేపలు, నీళ్లు తక్కువ మార్చుతారు, పీహెచ్ మెల్లగా దిగిపోయి ఉంటుంది. పీహెచ్ తక్కువున్నప్పుడు అమ్మోనియా ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది అంత విషం కాదు. అదే నీళ్లలో ఎనిమిది పీహెచ్ బోరు నీళ్లు సగం కలిపారనుకోండి, ఆ అమ్మోనియం విషంగా మారుతుంది. పీహెచ్ ఒకటి పెరిగితే విషం దాదాపు పది రెట్లు. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఇంకా ఎక్కువ. మంచి నీళ్లు పోసిన, అయినా చచ్చినయ్ అనేవాళ్ల కథ తరచు ఇదే. పానగల్ తమ్ముడూ, నీళ్ల టెస్ట్ కిట్ తెప్పించు, పీహెచ్, అమ్మోనియా రెండు చూసి చెప్పు.


వేములపల్లి_వరి, బుధవారం పొద్దున 7:10

నల్గొండోళ్లందరూ ఒకచోట చేరారే! మాది మిర్యాలగూడ పక్కనే అండి, ఆ ట్యాంక్ నేనూ చూశాను, ఆరు వేలు చెప్తే వదిలేసుకున్నా, మీరు 4,500కి కొట్టేశారు. సరేలెండి.

బరువు లెక్క చూసుకున్నారా? నాలుగు ఇంటూ ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర, తొమ్మిది ఘనపుటడుగులు, అడుగుకి 28 లీటర్లు చొప్పున 250 లీటర్ల పైన పడుతుంది. పైన రెండంగుళాలు వదిలినా 225 కేజీలు నీళ్లే, అద్దం ఓ యాభై, రాళ్లు పాతిక, స్టాండు వేరే. మూడు క్వింటాళ్ల పైమాటే, మా మిల్లు లెక్కలో నాలుగు బస్తాల వడ్లు. మేడ మీదైతే గోడకి ఆనించి, దూలం ఉన్న చోటే పెట్టండి. పిల్లలు స్టాండు పట్టుకుని ఊగకుండా చూడండి.


పానగల్_పోరడు, గురువారం రాత్రి 7:55

అన్న అయిపోయింది. లీక్. నిన్న రాత్రి పూర్తిగ నింపిన, ఇయ్యాల మధ్యాహ్నం దాక మంచిగనే ఉంది, మూడు గంటలకు చూస్తె ఎన్క దిక్కు కింద మూలకు పేపర్ తడిసింది. ధార ఏం లేదు, చెమట పట్టినట్టు. మీద మీద కొత్త సిలికాన్ పూస్తె ఆగుతదా? లేకపోతె నా 4,500 మూసీల కలిసినట్టేనా?


గ్లాస్_పని, గురువారం రాత్రి 8:20

పరేషాన్ గాకు, పేలలే గదా. మీద మీద పూస్తె ఆగదు, కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు అంటుకోదు. ఆ ఒక్క మూల కాదు, లోపలి వరుస మొత్తం బ్లేడ్‌తో గీకి తియ్యి. రెండు అద్దాల నడ్మ ఉన్నది ముట్టుకోకు, అది ట్యాంక్‌ను పట్టుకునేది, నువ్వు తీసేది లోపల మూలకు పెట్టిన వరుస మాత్రమే. తీసినంక స్పిరిట్ గాని అసిటోన్ గాని గుడ్డతోని రుద్ది చెయ్యి తగలకుంట ఆరనియ్యి. రెండు దిక్కుల టేప్ అంటించి సిలికాన్ ఒకే దమ్ముల లాగు, వేలితో ఒకసారి సాపు చేసి టేప్ తీసెయ్.

బాత్రూమ్‌లకు వాడే బూజు పట్టని సిలికాన్ తేవొద్దు, అండ్ల మందు ఉంటది, చేపలు చస్తయ్. ట్యూబ్ మీద అక్వేరియం అని రాసి ఉండాలె. పూస్తుంటె పచ్చడి పులుపు వాసనొస్తది, భయపడకు. ఆ వాసన పూర్తిగ పోయేదాక, తక్కువల తక్కువ వారం నీళ్లు ముట్టియ్యకు. మళ్ల టెస్ట్. తొందరపడితే మళ్ల మొదటికే.


పాలమూరు_ఫిష్, గురువారం రాత్రి 8:31

సెకండ్ హ్యాండ్ అంటే గిట్లనే బ్రో. నేనైతే కొత్తదే కొంటా.


దేవరకొండ_కాక, గురువారం రాత్రి 8:40

కొత్తది గూడ ఒక రోజు పాతదయితది తమ్మి.


పానగల్_పోరడు, శుక్రవారం రాత్రి 9:30

కిట్ వచ్చింది, హైదరాబాద్‌ల దోస్త్ తెచ్చిండు. చిన్న ట్యాంక్ పీహెచ్ 6.6, బోరు నీళ్లు 8.2, డ్రమ్ముల ఆగిన నల్లా నీళ్లు 7.6. అమ్మోనియా 1 చూపిస్తుంది. నైట్రేట్ అయితే కిట్ల రంగుల కార్డ్ మీద ఆఖరి ఎరుపు, అంటే అన్నిటికంటె ఎక్కువ. మేడం మీరు చూసి చెప్పినట్టే ఉంది, నేను నెలకోసారి మారుస్తున్న నీళ్లు, అదే ఎక్కువ అనుకున్న.


కెమిస్ట్రీ_టీచరమ్మ, శుక్రవారం రాత్రి 10:02

లీక్ రావడం నీ చేపల అదృష్టం, వారం టైమ్ దొరికింది. ఈ వారంలో రోజూ కొద్దిగా, రెండు మూడు చెంబులతో మొదలుపెట్టి, డ్రమ్ములో ఆగిన నల్లా నీళ్లతో మార్చుకుంటూ పో. పదో వంతు కంటే ఎక్కువ ఒక్కసారి వద్దు. పీహెచ్ రోజూ రాసుకో. మేత సగం చెయ్. వారం చివరికి చిన్న ట్యాంక్ నీళ్లు, పెద్ద ట్యాంక్‌లో పోయబోయే నీళ్లు దగ్గర దగ్గరగా ఉండాలి. అప్పుడు మార్చడం చేపకు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయినట్టు ఉంటుంది. బోరు నీళ్లు ఇప్పటికి వద్దు.


పానగల్_పోరడు, మరుసటి శనివారం రాత్రి 11:10

ఇయ్యాల్టికి పీహెచ్ 7.3, అమ్మోనియా 0.25. సిలికాన్ ఆరింది, రెండు రోజులు నీళ్లతోని ఉంచిన, పేపర్ పొడిగుంది. మూడుసార్లు టార్చ్ ఏసి చూసిన, ఇంట్లోళ్లు నవ్వుతున్నరు. స్టాండ్ ఇబ్బంది పెట్టింది, మా ఇంట్ల షాబాద్ బండలు, సందుల కాడ ఎగుడుదిగుడు. మేస్త్రీ కాడ లెవెల్ పైపు తెచ్చి చూస్తె ఒక కాలు ఆరు ఎంఎం కిందికుంది, ఇనుప ముక్క పెట్టి సరిచేసిన. మీద ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్. రేపు ముహూర్తం. రాత్రికెల్లి మేత బంద్.


దేవరకొండ_కాక, శనివారం రాత్రి 11:25

పైలం. గ్రావెల్ కదిలియ్యక ముందు చేపల్ని తియ్యి, అడుగుల రెండేండ్ల పెంట ఉంటది, లేస్తె చీకటే. టబ్ మీద మూత పెట్టు, గోల్డ్ ఫిష్ ఎగరదు అనుకుంటం గాని భయపడితె ఎగుర్తది. ఫిల్టర్‌ను పాత నీళ్లలనే ఉంచు, కరెంట్ లేకుంట కొన్ని గంటలుంటె లోపల గాలి అందక ఆ బాక్టీరియా చస్తది. పెయింట్ డబ్బాలు, ఫినాయిల్ డబ్బాలు వాడకు, ఎన్నిసార్లు కడిగినా సరే.


పానగల్_పోరడు, ఆదివారం రాత్రి 10:15

అయిపోయింది!! నడుం ఇరిగింది గాని అయిపోయింది. ఎట్లయిందో చెప్త.

పొద్దున 7కు మొదలు పెట్టిన. చిన్న ట్యాంక్ నీళ్లు పైపుతోని 30 లీటర్లు కొత్త డ్రమ్ములకు తీసిన, చేపల్ని జాలితో కాదు చెంబుతోని నీళ్లతో సహా తీసి టబ్‌లకు ఏసిన, ఒరాండా నెత్తి మీది ముద్ద జాలికి తట్టుకుంటదని భయమేసింది. సక్కర్ దొరకలే, గంటసేపు పైపు ఎన్క దాక్కొని నన్ను ఆగం చేసింది. స్పాంజ్‌ను పాత నీళ్లలనే ఒక్కసారి పిండి అట్లనే పెట్టిన. గ్రావెల్ గూడ పాత నీళ్లలనే కడిగిన, వచ్చిన నీళ్లు చూస్తె చాయ్ డికాషన్. మా అమ్మ ఆ నీళ్లన్ని మల్లె చెట్టుకు పోయించుకుంది.

సరిగ్గ పెద్ద ట్యాంక్ సగం నిండినంక 10:40కు కరెంట్ పోయింది. ఎండకు రేకుల కింద గది కుతకుత ఉడుకుతుంది, టబ్‌ల నీళ్లు 31 డిగ్రీలు. పక్కింటోళ్ల ఇన్వర్టర్‌కెల్లి వైర్ లాగి ఎయిర్ పంప్, ఫిల్టర్ రెండు టబ్‌లనే నడిపిన, ఫ్రిజ్‌ల గడ్డకట్టిన నీళ్ల సీసా మూత బిగించి టబ్‌ల ఏసిన, 29కి దిగింది. గంటన్నరకు కరెంట్ వచ్చింది.

పాత ఫిల్టర్, ఆ పెద్ద ట్యాంక్‌తో వచ్చిన ఫిల్టర్ రెండు పెట్టిన. లైట్ ఆపి, టబ్‌లనే కొత్త నీళ్లు గ్లాస్ గ్లాస్ పోసుకుంట ముప్పావు గంట, తర్వాత ఇడిసిన. అన్ని ఒక మూలకు పోయి రాయి లెక్క నిలబడ్డయ్. గంతసేపు కష్టపడ్డ, గంత పెద్ద జాగ ఇచ్చిన, ఒక ఫీట్‌ల నాలుగు కుప్ప. పాత ట్యాంక్ పొడుగు ఎంతనో గంతల్నే అటు ఇటు తిరుగుతున్నయ్.


మర్రిగూడ_వాసి, ఆదివారం రాత్రి 10:40

పట్నం పోయిన ముసలోళ్లు గూడ గంతే తమ్మి, మూడు గదులున్నా ఒక కుర్సీల్నే కూసుంటరు.


వేములపల్లి_వరి, సోమవారం పొద్దున 6:50

శుభం! ఫోటో పెట్టండి. ఆ ట్యాంక్ నాది కావాల్సింది, చూసైనా తృప్తి పడతా.


పానగల్_పోరడు, బుధవారం రాత్రి 9:05

మేడం, అమ్మోనియా 0.5 చూపిస్తుంది. పీహెచ్ 7.5. ఒరాండా తోక అంచు కొంచెం ఎర్రగ ఉంది. చేసిందంత గంగల కలిసిందా?


కెమిస్ట్రీ_టీచరమ్మ, బుధవారం రాత్రి 9:20

లేదు. గ్రావెల్ కడిగినావు కదా, కొంత బాక్టీరియా అందులో పోయింది, ఫిల్టర్ అందుకోవడానికి టైమ్ పడుతుంది. రేపు పావు వంతు నీళ్లు మార్చు, నల్లా నీళ్లే, ఒక రోజు ఆగినవే. రెండు రోజులు మేత వద్దు, గోల్డ్ ఫిష్ రెండు రోజులు తినకపోతే ఏమీ కాదు, అది నిన్ను చూసి నోరు తెరిస్తే నువ్వు తల తిప్పుకో. గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఇంకొకటి పెట్టు. మందులేమీ వద్దు. రోజూ టెస్ట్ చేసి ఇక్కడ రాయి.


పానగల్_పోరడు, శుక్రవారం రాత్రి 8:45

0.25.


పానగల్_పోరడు, సోమవారం రాత్రి 9:00

సున్నా. తోక గూడ సాఫ్ అయింది. ఇయ్యాల పొద్దున మొదటిసారి ఆ చివరిదాక పోయినయ్, ఒరాండా ఆ అద్దాన్ని మూతితోని తాకి, ఆగకుంట ఒకే తిరుగుడుల తిరిగొచ్చింది. మా నాయిన గూడ కుర్సీ ఏసుకొని కూసుండు. మృగశిరకు మార్కెట్‌కెల్లి రవ్వ చేప తెచ్చి పులుసు పెట్టిచ్చిండు, ట్యాంక్‌కు వీపు తిప్పి తిన్నడు.

చిన్న ట్యాంక్ ఖాళీగ ఉంది, ఏం చెయ్యాలె దాన్ని?


జడ్చర్ల_జంక్షన్, సోమవారం రాత్రి 9:12

అన్న నేను మొదటికెల్లి చదువుతున్న, ఇప్పటిదాక రాయలే. ఆ చిన్నది అమ్ముతవా? ఆరు గప్పీ చేపలు ఉన్నయ్ నా కాడ, సీసాల.


కెమిస్ట్రీ_టీచరమ్మ, సోమవారం రాత్రి 9:15

అమ్మొద్దు పానగల్. కొత్త చేప తెచ్చినప్పుడు మూడు నాలుగు వారాలు వేరే పెట్టడానికి, రోగమొస్తే మందు వేయడానికి అదే కావాలి. జడ్చర్ల తమ్ముడూ, సీసాలోనా??


జడ్చర్ల_జంక్షన్, సోమవారం రాత్రి 9:16

మేడం హార్లిక్స్ సీసా కాదు, పచ్చడి జాడీ. పెద్దదే.


దేవరకొండ_కాక, సోమవారం రాత్రి 9:18

తమ్మి నువ్వు వేరే టాపిక్ పెట్టు, మేడం నిమ్మలంగ ఒక్కొక్కటి చెప్తది. నా కాడ ఒకటిన్నర ఫీట్ ట్యాంక్ ఖాళీగ ఉంది, దేవరకొండ దిక్కు వస్తె పట్టుకపో, పైసలొద్దు. స్పాంజ్ గూడ ఇస్త, కడగని స్పాంజ్.